మానసిక వేదనకు నష్టపరిహారం: ఈ-జాగృతి, జిల్లా వినియోగదారుల కమిషన్ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

ఫిర్యాదు చివర ‘మానసిక వేదనకు రూ. 5 లక్షలు ఇప్పించగలరు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేసే కేసులు జిల్లా వినియోగదారుల కమిషన్లలో కోకొల్లలు. అసలు తప్పు రుజువైనా వేదన పద్దు కింద ఐదు వేలో పది వేలో రాసి ఆర్డరు ముగించడం అక్కడ మామూలే. కమిషన్ పిసినారితనం కొంత ఉంది, కాదనలేం. కానీ అంతకన్నా ఎక్కువ ఇవ్వడానికి ఆధారం ఫైల్లో లేకపోవడమే పెద్ద కారణం. ఆందోళన, నిద్రలేమి, భయం లాంటివి నిజంగా జబ్బు స్థాయికి వెళ్లినప్పుడు వాటిని గాయంగానే చూపించి, గాయానికి తెచ్చినట్టే కాగితాలు తేవాలి. అలా తెచ్చినవాళ్లకు ఈ సేవ బాగానే పనిచేస్తుంది.

ముందు మంచి మాట. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘గాయం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనమే శరీరానికి, మనసుకు, ఆస్తికి చట్టవిరుద్ధంగా కలిగిన ఏ హాని అయినా అని. సెక్షన్ 2(22)లో, లోపమున్న వస్తువు వల్ల జరిగిన హాని కింద, దేహానికో ఆస్తికో జరిగిన నష్టంతో పాటు వచ్చిన మానసిక వేదనను విడిగా పేర్కొన్నారు. నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించే అధికారం సెక్షన్ 39 ఇస్తోంది. అంటే మనసుకు తగిలిన దెబ్బను ఈ చట్టం లోపలికి రానిచ్చింది. మామూలు సివిల్ దావాలో ఈ దారి ఇంత సులువు కాదు. వ్యాపార ఒప్పందం మీరినంత మాత్రాన మానసిక క్షోభకు డబ్బు రాదన్నది అక్కడి పాత సూత్రం. పైగా అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి.

ఖర్చు విషయంలో దీనికి పూర్తి మార్కులు వేయొచ్చు. మీరు వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు అయితే ఫీజు సున్నా. 5 నుంచి 10 లక్షల మధ్య రూ. 200, 20 లక్షల వరకు రూ. 400, 50 లక్షల వరకు రూ. 1,000. జిల్లా కమిషన్ పరిధి రూ. 50 లక్షల దాకా, రాష్ట్ర కమిషన్‌ది 2 కోట్ల దాకా, ఆపైన ఢిల్లీలోని జాతీయ కమిషన్. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. పరిధి, ఫీజు రెండూ మీరు చెల్లించిన ధర మీదే ఆధారపడతాయి, అడుగుతున్న పరిహారం మీద కాదు. రూ. 40 వేల ఆస్పత్రి బిల్లు కట్టి రూ. 60 లక్షల పరిహారం అడిగినా కేసు జిల్లా కమిషన్‌కే వెళ్తుంది, ఫీజూ ఉండదు. ఈ పద్ధతి రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. అడిగిన మొత్తం చూసి రాష్ట్ర కమిషన్‌లో వేస్తే వెనక్కి తిప్పి పంపుతారు, ఈలోపు నెలలు పోతాయి.

రెండో మంచి గుణం, మీరు ఉండే ఊరు లేదా పనిచేసే ఊరు ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా గుంటూరు మనిషి గుంటూరులోనే వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు.

ఇక దరఖాస్తు సంగతి. 2020 సెప్టెంబరులో వచ్చిన ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ ఈ-దాఖిల్ స్థానంలో 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి పోర్టల్ నడుస్తోంది. ఫిర్యాదు దాఖలు, ఫీజు చెల్లింపు, కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడం, వీడియో విచారణ అన్నీ ఒకేచోట. ఓటీపీతో రిజిస్టర్ అవ్వచ్చు కాబట్టి అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువాళ్లు కూడా ఇక్కడ కొన్న ఫ్లాటు, ఇక్కడ తల్లిదండ్రులకు చేయించిన వైద్యం మీద అక్కడినుంచే వేయగలరు. ఫారం నింపడం కష్టమేమీ కాదు. కష్టమంతా అప్‌లోడ్ చేసే ఫైళ్లలోనే. తేదీల పట్టిక, పార్టీల వివరాలు, ఫిర్యాదు, నోటరీ చేసిన అఫిడవిట్, పత్రాల జాబితా, పత్రాలు ఈ వరుసలో ఉండాలి, ప్రతి పేజీకి నంబరు ఉండాలి. వాట్సాప్‌లో ఫొటో తీసి పెట్టిన ప్రిస్క్రిప్షన్ మసకగా ఉంటే స్క్రూటినీలో ఆబ్జెక్షన్ వేస్తారు. సరిచేసి మళ్లీ పంపేదాకా కేసు నంబరు పడదు. ఫోన్ స్కానర్ యాప్‌తో బల్ల మీద పరిచి స్కాన్ చేస్తే చాలు, ఆ ఒక్క జాగ్రత్త వారాల ఆలస్యం తప్పిస్తుంది. ఆన్‌లైన్‌లో వేశాక కూడా ప్రింటు సెట్లు అడిగే కమిషన్లున్నాయి. ఎదుటి పక్షాలు ఎందరో అన్ని కాపీలు, కమిషన్‌కు మరో మూడు సిద్ధంగా ఉంచుకోండి. ఫిర్యాదు ఇంగ్లిష్‌లో రాయడమే మన దగ్గర వాడుక. తెలుగు పత్రాలుంటే పక్కన అనువాదం పెట్టండి.

గడువు రెండేళ్లు, సమస్య మొదలైన రోజు నుంచి. ఆలస్యమైతే కారణం చూపి క్షమించమని అడగొచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మానసిక గాయం కేసుల్లో ఈ గడువు ప్రత్యేకంగా దెబ్బ తీస్తుంది. ‘ఆ రోజుల్లో కాగితాలు ముట్టుకోవాలంటేనే వణుకు వచ్చేది’ అనడం నిజమే కావచ్చు. ఆ కాలానికి చికిత్స రికార్డు ఉంటేనే అది కారణంగా నిలబడుతుంది.

అసలు విషయం సాక్ష్యం. సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో వేధింపుకు, మానసిక క్షోభకు పరిహారం ఇవ్వొచ్చని చెప్పింది. 2004లో ఘజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో దానికి కొలత పెట్టింది: అందరికీ ఒకే గుండుగుత్త మొత్తం ఇవ్వకూడదు, జరిగిన నష్టం ఏమిటో గుర్తించి దానికి తగ్గట్టు నిర్ణయించాలి. ఇక ఢిల్లీలోని ఓ స్టార్ హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించిన కేసు అందరికీ తెలిసిందే. 2021లో జాతీయ కమిషన్ రూ. 2 కోట్లు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సేవాలోపాన్ని కదపకుండా, ఆ మొత్తానికి ఆధారమైన సాక్ష్యం ఫైల్లో లేదని దాన్ని కొట్టేసి, మళ్లీ తేల్చమని వెనక్కి పంపింది. తప్పు రుజువు కావడం వేరు, మొత్తం రుజువు కావడం వేరు. ఫిర్యాదు రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకోకుండా సగానికి పైగా పేజీలు కంపెనీ తప్పుకే ఖర్చుపెడతారు. వేదనకు చివర్లో ఒక్క పేరా మిగులుతుంది.

కనీసం ఈ కాగితాలు కావాలి. మొదటిది సైకియాట్రిస్టు ఓపీ చీటీ, రోగనిర్ధారణ మాట రాసి ఉన్నది. ‘టెన్షన్‌గా ఉంది’ అని రాసి నిద్రమాత్ర ఇచ్చిన చీటీ పెద్దగా పనికిరాదు. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ (ఒత్తిడిని తట్టుకోలేక వచ్చే సమస్య), పీటీఎస్‌డీ (భయంకర ఘటన తర్వాత వెంటాడే మానసిక గాయం), జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ (ఎడతెగని ఆందోళన) లాంటి పేరు, వీలైతే జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ అయిన ఐసీడీలోని కోడ్, ఎప్పటినుంచి లక్షణాలు, దేని తర్వాత మొదలయ్యాయి అనేవి రికార్డులో ఉండాలి. జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల స్కోరు 21కి ఎంత వచ్చిందో కొందరు ఫైల్లో పెడతారు. 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం అని లెక్క. కానీ అది రోగి స్వయంగా నింపేది, జల్లెడ పట్టే పరీక్ష మాత్రమే. డాక్టరు నిర్ధారణకు తోడుగా పెట్టండి, దానికి బదులుగా కాదు.

తేదీలు చాలా ముఖ్యం. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ సాధారణంగా సంఘటన జరిగిన నెలలోపు మొదలవుతుందని, పీటీఎస్‌డీ మామూలుగా ఆరు నెలల్లోపు బయటపడుతుందని ఐసీడీ-10 చెబుతుంది. కంపెనీ లాయర్లకు ఇది బాగా తెలుసు. ఘటన జరిగిన 14 నెలలకు, అదీ లీగల్ నోటీసు ఇవ్వడానికి వారం ముందు మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్తే, ‘కేసు కోసం తెచ్చుకున్న సర్టిఫికెట్’ అని వాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కమిషన్ సభ్యులు కూడా దాన్ని నమ్మే అవకాశం ఎక్కువ. కాబట్టి ముందు వైద్యం, తర్వాతే కేసు. ప్రైవేటు ఫీజు భారమైతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆస్పత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీ చీటీలకు ఏమాత్రం తక్కువ విలువ లేదు. ఓపీ రిజిస్టరు ప్రభుత్వానిది కాబట్టి తేదీని అనుమానించడం ఎదుటివాళ్లకు ఇంకా కష్టం. రాత్రివేళ భరించలేనట్టుంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. అది సాక్ష్యం కోసం కాదు, మనిషి కోసం.

పాత జబ్బు దాచొద్దు. ఐదేళ్ల క్రితం డిప్రెషన్‌కు మందులు వాడి ఉంటే ఫిర్యాదులోనే రాయండి. అప్పటికి తగ్గిందని, ఈ ఘటన తర్వాత మళ్లీ మొదలైందని, డోసు ఎంత పెరిగిందని డాక్టరుతో రాయించండి. ఉన్న బాధ పెరగడం కూడా గాయమే. దాచిపెట్టి, ఎదుటివాళ్లు పాత మందుల షాపు బిల్లు బయటపెడితే మిగతా నిజాలకూ మచ్చ పడుతుంది.

మెడికల్ రికార్డులు అడగడం మీ హక్కు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో సెక్షన్ 25 ప్రకారం రోగి తన ప్రాథమిక వైద్య రికార్డు పొందవచ్చు. డాక్టర్లకు వర్తించే 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. రాతపూర్వకంగా అడిగి అందినట్టు సంతకం తీసుకోండి. అవసరం లేని వ్యక్తిగత విషయాలు కౌన్సెలింగ్ నోట్సులో ఉంటాయి కాబట్టి మొత్తం నోట్సు కాకుండా సారాంశ నివేదిక అడగడం మేలు. కమిషన్‌లో పెట్టిన ప్రతి కాగితం ఎదుటి పక్షం చేతికి వెళ్తుందన్నది మర్చిపోవద్దు.

వాట్సాప్ చాట్లు, కాల్ రికార్డింగులు, సీసీటీవీ క్లిప్పులు పెడితే ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జత చేయండి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 65బి స్థానంలో ఇదే. సాక్ష్య చట్టాన్ని కమిషన్లు మరీ పట్టుబట్టి అమలు చేయవు గానీ, సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరానికి చోటు ఎందుకివ్వాలి? ఇంట్లోవాళ్లలో ఒకరి అఫిడవిట్ చాలా బలం ఇస్తుంది. ‘మా అన్నయ్య చాలా బాధపడ్డాడు’ అని కాదు. ‘ఫలానా నెల నుంచి బండి నడపడం మానేశాడు, ఆఫీసుకు ఇన్ని రోజులు వెళ్లలేదు, రాత్రి రెండింటికి లేచి కూర్చునేవాడు’ అని కళ్లారా చూసింది రాయాలి. దానికి ఆఫీసు సెలవుల రికార్డు తోడైతే కొట్టిపారేయడం కష్టం.

ఇప్పుడు మొత్తం ఎలా అడగాలి. పద్దులు విడగొట్టండి. ఉదాహరణకు 12 సార్లు సైకియాట్రిస్టు ఫీజు రూ. 800 చొప్పున 9,600. మందులు నెలకు 1,450 చొప్పున 10 నెలలకు 14,500. కౌన్సెలింగ్ 16 సార్లకు 1,200 చొప్పున 19,200. జీతం పోయిన 22 రోజులకు 1,400 చొప్పున 30,800. ఇక్కడికి రూ. 74,100 బిల్లులతో సహా నిలబడింది. ఇక డాక్టరు ఇంకా ఆరు నెలలు చికిత్స అవసరమని రాస్తే దాని అంచనా వేరే పద్దు. ఆ తర్వాతే వేదన పద్దు, చివర కేసు ఖర్చులు. ఇలా పెడితే వేదనకు అడిగే లక్ష గాలిలోంచి వచ్చినట్టు కనిపించదు. పక్కన లెక్క ఉన్న గాయానికి అనుబంధంగా కనిపిస్తుంది. ఆర్డరు రాసేవాళ్లకు కూడా కారణం రాయడానికి వీలుంటుంది, అప్పీలులో అదే నిలుస్తుంది.

ఎంత వస్తుందని అడిగితే నిజాయితీగా చెప్పాల్సింది ఇదే: చిన్న సేవాలోపాలకు వేలల్లోనే. రైలు నాలుగు గంటలు ఆలస్యమై విమానం తప్పిపోయిన కేసులో టాక్సీకి రూ. 15,000, బుకింగ్ నష్టానికి 10,000 రాగా వేదనకు వచ్చింది 5,000. 2021లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. మరోవైపు, నర్సు ఇచ్చిన తప్పుడు ఇంజక్షన్ వల్ల మెదడు దెబ్బతిన్న బాబు కేసులో, 1998లోనే, బిడ్డకు ఇచ్చిన 12.5 లక్షలు కాకుండా తల్లిదండ్రుల వేదనకు విడిగా రూ. 5 లక్షలను సుప్రీంకోర్టు సమర్థించింది. బిడ్డే కాదు, డబ్బు కట్టి సేవ తీసుకున్న తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనన్నది ఆ తీర్పు బలం.

ఫ్లాట్ల కేసుల్లో ఒక మెలిక ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఆలస్యమైన ప్రాజెక్టుల మీద వేసేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. కట్టిన డబ్బు మీద వడ్డీని పరిహారంగా ఇచ్చాక, అదే ఆలస్యానికి మానసిక వేదన పేరిట మరో మొత్తం కలపకూడదని 2019లో డీఎల్ఎఫ్ హోమ్స్ పంచకుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘ఆలస్యం వల్ల వేదన’ అని మాత్రమే రాస్తే అది వడ్డీలో కలిసిపోతుంది. ఆలస్యం కాకుండా వేరే దుష్ప్రవర్తన, అంటే బెదిరింపు ఫోన్లు, మీ ఫ్లాటునే ఇంకొకరికి అమ్మచూపడం లాంటివి ఉంటే వాటిని వేరే సంఘటనలుగా, వేరే తేదీలతో, వేరే గాయంగా చూపాలి.

సమయం విషయంలో ఈ సేవకు తక్కువ మార్కులే. చట్టం రాసిన క్యాలెండరు ముచ్చటగా ఉంటుంది: 21 రోజుల్లో ఫిర్యాదును విచారణకు స్వీకరించడం (అడ్మిషన్), ఎదుటి పక్షం జవాబుకు 30 రోజులు, గరిష్ఠంగా మరో 15, వస్తువుకు ల్యాబ్ పరీక్షలు అక్కర్లేని కేసు మూడు నెలల్లో పూర్తి. వాస్తవంలో ఏడాది, రెండేళ్లు, అంతకు మించి కూడా పడుతుంది. సభ్యుల పోస్టులు ఖాళీగా ఉంటే కోరం లేక వాయిదాలు పడతాయి. చేతిలో ఉన్న ఒక ఆయుధం ఆ 45 రోజుల గడువు. అది దాటితే జవాబు తీసుకోవడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. నోటీసు అందిన తేదీని పోస్టల్ ట్రాకింగ్ ప్రింటుతో రుజువు చేసుకుని, 46వ రోజు తర్వాతి వాయిదాలోనే మెమో వేయండి.

ఇప్పటికే ఆందోళనతో బాధపడుతున్న మనిషిని ప్రతి వాయిదాకూ తిప్పడం న్యాయం కాదు. విచారణ ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల మీదే నడుస్తుంది కాబట్టి అంతగా తిరగనక్కర్లేదు కూడా. వీడియో ద్వారా హాజరవుతామని కారణాలతో దరఖాస్తు పెట్టండి, వినియోగదారుల చట్టం సెక్షన్ 38(6) అందుకు వీలిస్తుంది. డాక్టరును కూడా ముందు అఫిడవిట్‌తో, ప్రశ్నలుంటే రాతపూర్వకంగానే విచారించమని అడగొచ్చు. డాక్టర్లు సాక్ష్యానికి వెనకాడేది రోజంతా మెట్ల మీద కూర్చోవాల్సి వస్తుందనే. ఆ భయం తీసేస్తే చాలామంది ఒప్పుకుంటారు.

ఈ తలుపు అందరిదీ కాదు. అందరికీ ఉచితంగా సేవచేసే ప్రభుత్వాస్పత్రి మీద, మీ సొంత లాయరు మీద ఇక్కడ కేసు నిలవదు. లాయర్ల సంగతి 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడ బాధ, వేదన విడి పద్దు. పనిచేసేచోట లైంగిక వేధింపు అయితే 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఆ చట్టంలోని సెక్షన్ 15 మానసిక క్షోభను, సైకియాట్రిక్ చికిత్స ఖర్చును పరిహారం లెక్కలో పేరుపెట్టి చేర్చింది, మిగతా చట్టాలు ఇంత స్పష్టంగా రాసి ఉంటే ఎంత బాగుండేది. ఇంట్లో హింస అయితే 2005 గృహహింస చట్టం సెక్షన్ 22 కింద పరిహారం అడగాలి. వీటిలో ఏదైనా లాయరు కావాల్సి వచ్చి స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితం. నంబరు 15100.

ఫిర్యాదుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ప్రయత్నించొచ్చా? రీఫండు, రీప్లేస్‌మెంట్‌కు బాగుంటుంది, తెలుగులో మాట్లాడతారు. కానీ అది కంపెనీతో మాట్లాడి రాజీ కుదిర్చే సేవే, మానసిక గాయానికి పరిహారం విధించే అధికారం దానికి లేదు. రీఫండు తీసుకునేటప్పుడు ‘ఇకపై ఎలాంటి క్లెయిము లేదు’ అన్న ఈమెయిలుకు అలవాటుగా ‘ఓకే’ కొట్టొద్దు. వేదన క్లెయిము మిగుల్చుకుంటున్నట్టు ఒక్క వాక్యం రాసి తీసుకోండి.

గెలిచాక కూడా పని మిగులుతుంది. కంపెనీకి 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లే హక్కుంది, కానీ ఆర్డరు మొత్తంలో సగం కట్టాకే. తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలో రాష్ట్ర కమిషన్లున్నాయి. అప్పీలూ వేయక డబ్బూ ఇవ్వకపోతే వినియోగదారుల చట్టం సెక్షన్ 71 కింద ఆస్తి జప్తుకు, సెక్షన్ 72 కింద శిక్షకు దరఖాస్తు వేయాలి. శిక్ష నెల నుంచి మూడేళ్ల జైలు, లేదా రూ. 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆర్డరు అమలు కోరే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌లో మొత్తం, వడ్డీ శాతం, ఏ తేదీ నుంచి ఏ తేదీకి అన్న లెక్కషీటు, ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, మీ బ్యాంకు ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు కలిపి వేస్తే మొదటి వాయిదాలోనే చెల్లింపు గురించి మాట్లాడించవచ్చు. ఇందుకు వీలుగా మొదటి ఫిర్యాదు ప్రార్థనలోనే, అంటే ఏమేం ఇప్పించాలో కోరే భాగంలోనే, ‘గడువులోగా చెల్లించకపోతే వడ్డీ’ అని అడిగి ఉండాలి. అడగకపోతే ఆర్డరులో అది లేకుండానే పోవచ్చు, ఎగ్జిక్యూషన్ దశలో కొత్తగా చేర్చరు.